పోతే ఎంత?

కరెన్సీ మార్కెట్లో తన బదులు కొనుగోళ్లూ అమ్మకాలూ చేసిపెట్టే రోబోను తయారుచేద్దామనుకున్నాడో గుంటూరు కుర్రాడు. లండన్‌లో నేర్వలేని పాఠం మిర్చి యార్డు లెక్కలో దొరికింది.

2015 జనవరి 15. సంక్రాంతి. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర ఓ పల్లెలో మధ్యాహ్నం మూడు దాటింది. పండగ భోజనాలయ్యాయి. నాన్న అరుగుమీద నడుం వాల్చాడు. అమ్మ అరిసెల డబ్బా సర్దుతోంది.

అదే సమయానికి లండన్‌లో ఉదయం పది కావస్తోంది. వాళ్లబ్బాయి ఆఫీసులో కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి పండగ శుభాకాంక్షలు చెబుదామని మొబైల్ చేతిలోకి తీసుకున్నాడు. తెరమీద బ్రోకర్ కంపెనీ నుంచి సందేశం. తెరిచి చూశాడు. ఖాతాలో 6 వేల పౌండ్లు ఉండాలి. అప్పటి లెక్కలో ఐదున్నర లక్షల రూపాయల పైమాటే. కానీ అక్కడున్న అంకె... మైనస్ 800!

ముందు పొరపాటున పడిన అంకె అనుకున్నాడు. మరోసారి చూశాడు. ఇంకోసారి చూశాడు. ఉన్నదంతా పోవడమే కాదు, తనే ఎదురు బాకీ పడ్డాడు. ఇంటికి మాత్రం ఫోన్ చేశాడు. 'ఏందిరా గొంతు అట్టా ఉంది?' అంది అమ్మ. 'చలమ్మా' అన్నాడు.

ఆ డబ్బు ఊళ్లో పెంకుటిల్లు తీసేసి స్లాబు వేయించడానికి దాచింది.

నిద్రపోని పనివాడు

అతను 2010లో లండన్ వెళ్లాడు. ఓ బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. ఈస్ట్‌హామ్‌లో కాపురం. జీతం ఫర్వాలేదు కానీ అద్దె, రైలు ఛార్జీలు, ఊళ్లో నాన్న చేసిన అప్పు... నెలాఖరుకు మిగిలేది తక్కువే. అలాంటి రోజుల్లో ఆఫీసు మిత్రుడొకడు మెటాట్రేడర్ అనే సాఫ్ట్‌వేర్ చూపించాడు. అందులో యూరో, డాలరు, పౌండు, యెన్ ధరలు క్షణక్షణం కదులుతుంటాయి. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో నియమాలు రాసిపెడితే చాలు. మిగతా పని రోబోదే.

కరెన్సీ మార్కెట్‌కి రోబో సరిగ్గా సరిపోతుందనిపించింది అతనికి. సిడ్నీలో సోమవారం తెల్లవారాక తెరుచుకునే ఈ మార్కెట్, న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం దాకా మూతపడదు. టోక్యో వాళ్లు సర్దుకునే వేళకు లండన్ వాళ్లు వస్తారు. మనిషి ఎంతసేపని మేలుకుంటాడు? రోబోకి ఆకలి లేదు, నిద్ర లేదు, భయం లేదు.

పైగా పెద్దవాళ్ల కథలు ఉండనే ఉన్నాయి. అమెరికాలో గణితం ప్రొఫెసర్‌గా పనిచేసిన జిమ్ సైమన్స్ 1978లో ఉద్యోగం వదిలి ఈ రంగంలోకి దిగింది మొదట కరెన్సీలతోనే. తర్వాత ఆయన కంపెనీ కంప్యూటర్ లెక్కలతోనే ప్రపంచంలో అత్యధిక లాభాలు గడించిన సంస్థల్లో ఒకటైంది. ఆ కథ చదివినవాళ్లకి ఆయన గణితంలో ఎంత దిట్టో, ఎంతమంది శాస్త్రవేత్తల్ని చేర్చుకున్నాడో, సరైన దారి దొరకడానికి ఎన్నేళ్లు పట్టిందో గుర్తుండదు. లాభమే గుర్తుంటుంది. అతనికీ అంతే.

ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి పన్నెండు దాకా ప్రోగ్రామ్ రాసేవాడు. 'ఏంటండీ అంత పని?' అని భార్య అడిగితే 'ఆఫీసుదే' అనేవాడు.

విరగదనుకున్న గీత

అతనికి దొరికిన కిటుకు మహా తేలికైనది. యూరోపులో అప్పుల సంక్షోభం ముదిరినప్పుడు అందరూ తమ డబ్బు తీసుకెళ్లి స్విట్జర్లాండులో దాచుకోవడం మొదలెట్టారు. దాంతో స్విస్ ఫ్రాంక్ విలువ విపరీతంగా పెరిగింది. ఫ్రాంక్ పెరిగితే ఆ దేశపు వాచీలూ మందులూ యంత్రాలూ బయట ఖరీదైపోతాయి. కొనేవాళ్లు తగ్గుతారు. అందుకని 2011 సెప్టెంబరు 6న స్విస్ నేషనల్ బ్యాంకు ఓ గీత గీసింది. ఒక యూరోకి 1.20 ఫ్రాంకుల కన్నా తక్కువ ధర పలకనివ్వం, అవసరమైతే లెక్కలేనన్ని యూరోలు మేమే కొంటాం అని ప్రకటించింది.

అంటే ఏమిటి? ధర 1.20 దగ్గరికి దిగినప్పుడల్లా కేంద్రబ్యాంకే కొంటుంది. కాబట్టి దానికి కాస్త పైన మనమూ కొనాలి, నాలుగు పైసలు పెరగ్గానే అమ్మేయాలి. రోబోకి ఆ ముక్కే చెప్పాడు. 1.2010 దగ్గర కొను. 1.2030కి చేరితే అమ్ము. ఒకవేళ 1.1990కి పడితే నష్టానికైనా సరే, అమ్మేసి బయటికి వచ్చెయ్యి. ఈ చివరిదాన్నే స్టాప్‌లాస్ అంటారు.

పాత ధరల మీద ఈ నియమాన్ని నడిపి చూశాడు. దీన్ని బ్యాక్‌టెస్ట్ అంటారు. నిరుటి ధరల్లో మన రోబో ఉండి ఉంటే ఎంత సంపాదించేదో కంప్యూటర్ చెబుతుంది. నూటికి తొంభైకి పైగా గెలుపే. గ్రాఫు మెట్లెక్కినట్టు పైకి పోయింది.

అతనేమీ దూకుడు మనిషి కాదు. పుస్తకాలు చదివాడు. ఒక పందెంలో ఖాతాలోని డబ్బులో ఒక శాతానికి మించి పోగొట్టుకోకూడదన్న సూత్రం తెలుసు. దాని ప్రకారమే లెక్కేశాడు. 50 వేల యూరోలు కొంటే 1.2010 నుంచి 1.1990కి పడినప్పుడు పోయేది 100 ఫ్రాంకులు. అంటే 65 పౌండ్లు. సుమారు ఒక శాతం. 50 వేల యూరోలంటే 38 వేల పౌండ్ల పైమాటే కదా, అతని దగ్గరున్నది ఆరువేలే కదా అంటారా? మిగతాది బ్రోకరే సర్దుతాడు. దాన్ని లెవరేజ్ అంటారు. ఆ రోజుల్లో చేతిలో ఒక పౌండు ఉంటే వంద పౌండ్ల సరుకు కొననిచ్చే బ్రోకర్లు లండన్‌లో చాలామంది. వాళ్ల లెక్కలో అతను ఆరు రెట్లే వాడుకున్నాడు. బుద్ధిమంతుడి కిందే లెక్క!

2014 చివర్లో 5,800 పౌండ్లతో రోబోను వదిలాడు. మూడుసార్లు కొంది. మూడుసార్లూ గెలిచింది. ఖాతా దాదాపు 6 వేలకు చేరింది. నాలుగోసారి కొన్నప్పుడు అతను దానివైపు చూడను కూడా లేదు.

ఆ ఉదయం ఏం జరిగింది?

జనవరి 12న స్విస్ నేషనల్ బ్యాంకు ఉపాధ్యక్షుడు టీవీలో మాట్లాడుతూ, 1.20 గీతే తమ విధానానికి మూలస్తంభం అన్నాడు. మూడు రోజులు గడిచాయి. 15వ తేదీ లండన్ సమయం తొమ్మిదిన్నరకి అదే బ్యాంకు, ఆ గీతను ఎత్తేస్తున్నట్టు ఒక ప్రకటన విడుదల చేసింది. యూరోపియన్ కేంద్రబ్యాంకు పెద్దఎత్తున డబ్బు కుమ్మరించబోతోందని తెలిసిపోయింది. ఇక యూరోలు కొంటూ కూర్చోవడం తన వల్ల కాదనుకుంది.

అంతే! కొద్ది నిమిషాల్లోనే ఒక దశలో ఫ్రాంక్ విలువ దాదాపు 30 శాతం పెరిగింది. ఏ చిన్న దేశపు కరెన్సీకో అలా జరిగితే సరే. ప్రపంచంలోకెల్లా భద్రమైనదని పేరుపడ్డ కరెన్సీకి!

మరి 1.1990 దగ్గర అమ్మేయమని రోబోకి చెప్పాడు కదా? చెప్పాడు. రోబో చెప్పినట్టే చేసింది. అమ్మకానికి పెట్టింది. కానీ ఆ ధరకి కొనేవాడు లేడు. 1.18 దగ్గర లేడు. 1.10 దగ్గరా లేడు. స్టాప్‌లాస్ అంటే ఆ ధరకి అమ్మిపెడతామన్న హామీ కాదు, ఆ ధర దాటగానే దొరికినకాడికి అమ్మమన్న ఆదేశం మాత్రమే. చివరికి కొనేవాడు దొరికింది 1.02 దగ్గర. 9 వేల ఫ్రాంకుల పైచిలుకు నష్టం. 65 పౌండ్లే పోతాయని లెక్కేసిన చోట 6,800 పౌండ్లు పోయాయి.

దెబ్బ అతనొక్కడికే తగల్లేదు. అమెరికాకు చెందిన ఎఫ్‌ఎక్స్‌సీఎం అనే పెద్ద బ్రోకర్ సంస్థకు ఖాతాదారులు 22.5 కోట్ల డాలర్లు బాకీపడ్డారు. అది నిలబడటానికి 30 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకోవాల్సివచ్చింది. లండన్‌లో పేరున్న మరో బ్రోకర్ సంస్థ మర్నాడే చేతులెత్తేసింది. కానీ పక్కింటి వాళ్లకీ దెబ్బ తగిలిందంటే మన నొప్పి తగ్గుతుందా?

అరుగుమీద లెక్క

భార్యకు ఆ రాత్రే చెప్పాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. 'డబ్బు సంగతి తర్వాత. ఆఫీసు పని అని అబద్ధం ఎందుకు చెప్పారు?' అంది. ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేకపోయింది. 800 పౌండ్ల బాకీ నెలనెలా కట్టుకుంటూ తీర్చాడు.

నాన్నకు చెప్పడానికి ఏడాది పట్టింది. 2016 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, స్లాబు మాట వచ్చింది. ఇక దాచలేక జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. యూరోలూ ఫ్రాంకులూ ఆయనకేం అర్థమవుతాయిలే అనుకున్నాడు. కానీ నాన్న మిర్చి పండించే రైతు. గుంటూరు యార్డుకి టిక్కీలు వేసుకెళ్లి పాతికేళ్ల పైనే అయింది. సీజన్లో లక్షకు పైగా టిక్కీలు దిగే రోజుల్లో, నిన్న పలికిన ధర ఈరోజు పలక్కపోవడం ఎన్నిసార్లు చూశాడో!

'పోతే ఎంత పోద్దని లెక్కేసుకున్నావురా?' అనడిగాడు.

'అరవై అయిదు పౌండ్లు నాన్నా.'

'కొనేవాడుంటే గదా ఆ లెక్క? లేకపోతే?'

అతను మాట్లాడలేదు.

'యార్డుకి పోయేటప్పుడు నేను ధర లెక్కేసుకోను అబ్బాయ్. పడుంటే ఏం చేయాలో లెక్కేసుకుంటా. సగమే తీసుకుపోతా. సగం కోల్డ్ స్టోరేజీలో ఉంటది. అయిదెకరాల్లో మిర్చి రెండెకరాలే. ఎందుకనుకున్నావు? నాకు ఆశ లేకనా?'

ఆ లెక్క ఎంత అవసరమో మరుసటి ఏడే తెలిసింది. 2017లో మిర్చి ధర కుప్పకూలింది. కేంద్రప్రభుత్వం క్వింటాలుకు 5 వేల రూపాయల చొప్పున కొనే పథకం ప్రకటించాల్సి వచ్చింది. నాన్నా నష్టపోయాడు. కానీ మిగతా మూడెకరాల పంట ఉంది కాబట్టి పొలం అమ్ముకునే పరిస్థితి రాలేదు.

మళ్లీ మొదటినుంచి...

అక్కడితో ఆపేద్దామనుకున్నాడు. కానీ తను ఎక్కడ తప్పటడుగు వేశాడో తెలుసుకోకుండా వదిలేయబుద్ధి కాలేదు. ఈసారి భార్యకు చెప్పే మొదలుపెట్టాడు. ఆమె ఒకటే షరతు పెట్టింది. 'మీ రోబోకి ఏం చెబుతారో అది ముందు నాకు చెప్పండి. నాకర్థమైతేనే దానికి చెప్పాలి.' ఆమె లెక్కల టీచరుగా పనిచేసింది. ఆ షరతే అతనికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

మొదటి ప్రశ్న ఆమే అడిగింది. 'ఈ లాభం ఎవరి జేబులోంచి వస్తుంది?' మంచి ప్రశ్నే. అంతర్జాతీయ లావాదేవీల బ్యాంకు లెక్క ప్రకారం ప్రపంచ కరెన్సీ మార్కెట్లో రోజుకి 2022 ఏప్రిల్‌లో 7.5 లక్షల కోట్ల డాలర్ల లావాదేవీలు జరిగేవి. 2025 ఏప్రిల్‌ నాటికి అది 9.6 లక్షల కోట్లకు చేరింది. ఇంత సముద్రంలో అవతలివైపు ఉండేది ఎక్కువగా పెద్ద బ్యాంకులు, వాటి వేగవంతమైన కంప్యూటర్లు. వేగంలో వాటిని ఈస్ట్‌హామ్‌లోని ల్యాప్‌టాప్ గెలవలేదు. కాబట్టి సెకన్ల ఆట వద్దు, నెలల ఆట ఆడదామనుకున్నారు.

రెండోది ఖర్చు. కరెన్సీ కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య చిన్న తేడా ఉంటుంది. దాన్ని స్ప్రెడ్ అంటారు. యూరో-డాలరు జంటలో అది ఒక పిప్, అంటే డాలరులో పదివేలో వంతు అనుకుందాం. 10 వేల యూరోల లావాదేవీకి ఒక డాలరు ఖర్చు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ రోజుకి 20సార్లు చేసే రోబో అయితే ఏడాదికి 250 రోజుల చొప్పున 5 వేల డాలర్లు! రోబో గెలిచినా ఓడినా ఆ 5 వేలు బ్రోకరువే.

బట్టీ పట్టిన రోబో

అన్నిటికన్నా పెద్ద గొయ్యి బ్యాక్‌టెస్ట్‌లోనే ఉంది. రోబోలు రాసేవాళ్లంతా పడేది అందులోనే.

ఉదాహరణకు కొద్ది రోజుల సగటు ధర ఎక్కువ రోజుల సగటును దాటి పైకెళితే కొనాలన్న నియమం ఉంది. బాగుంది. కానీ ఎన్ని రోజుల సగటు? చిన్నది 5 నుంచి 50 దాకా, పెద్దది 60 నుంచి 200 దాకా అన్నీ ప్రయత్నిద్దామని కంప్యూటర్‌కి చెబితే 6,486 జతలు వస్తాయి. ఒక్క రాత్రిలో అన్నీ పరీక్షించి, 'ఇదిగో 17, 143 అయితే బ్రహ్మాండం' అంటూ ఒకటి తీసి చూపిస్తుంది. అది నిజంగా బ్రహ్మాండమా, లేక అన్నింటిలో అదృష్టం కలిసొచ్చిందా?

ఆమె తన క్లాసులో పిల్లలకి చెప్పే ఉదాహరణే చెప్పింది. 1,024 మందిని నిలబెట్టి తలో నాణెం ఇచ్చి పదిసార్లు ఎగరేయమంటే, లెక్కప్రకారం వాళ్లలో ఒకడికి పదిసార్లూ బొమ్మే పడుతుంది. వాడికేం విద్య తెలియదు. కానీ వాడొక్కణ్నే చూసినవాళ్లు మహామాంత్రికుడు అనుకుంటారు. అలాంటి రోబో పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టిన కుర్రాడి లాంటిది. అవే ప్రశ్నలిస్తే నూటికి నూరు. కొత్త ప్రశ్న ఇస్తే తెల్లకాగితం.

అందుకని పాత ధరల్ని రెండు ముక్కలు చేశారు. 2001 నుంచి 2010 దాకా ఉన్నవి నియమాలు తయారుచేసుకోవడానికి. 2011 నుంచి 2015 దాకా ఉన్నవి పక్కన తాళం వేసి పెట్టారు. నియమాలన్నీ ఖరారయ్యాక ఒక్కసారే వాటి మీద నడిపి చూడాలి. ఫలితం నచ్చలేదని నియమం మార్చి మళ్లీ నడిపితే అది పరీక్ష కాదు, కాపీ.

ఆ మాటకొస్తే అతని మొదటి రోబో చేసిందీ బట్టీ పట్టడమే. 1.20 గీత ఉన్న మూడేళ్ల ధరలే దానికి చూపించాడు. గీత లేని లోకం ఒకటుంటుందని దానికి తెలియదు. తెలియాల్సింది దానికి కాదు, అతనికి.

నియమాలూ అంకెలూ తగ్గేకొద్దీ బట్టీ పట్టే ప్రమాదం తగ్గుతుంది. అందుకే చివరికి చాలా పాత పద్ధతిని ఎంచుకున్నారు. 1983లో షికాగోకు చెందిన రిచర్డ్ డెన్నిస్ అనే వ్యాపారి, ట్రేడింగ్ నేర్పితే వస్తుందా, పుట్టుకతో రావాలా అని మిత్రుడితో పందెం కట్టాడు. పత్రికలో ప్రకటన ఇచ్చి కొత్తవాళ్లను పోగేసి, తన నియమాలు నేర్పించాడు. గత 55 రోజుల్లో లేనంత ఎత్తుకు ధర వెళితే కొనడం, 20 రోజుల కనిష్ఠానికి దిగితే అమ్మేయడం... అలాంటివి. వాళ్లలో చాలామంది కోట్లు గడించారు. అదే డెన్నిస్ తన ఫండ్‌లో భారీగా నష్టపోయి 1988లో వ్యాపారం మూసేసిన సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు. అతను రెండూ కాగితమ్మీద రాసుకున్నాడు.

కొనేవాడు లేకపోతే?

ఇక నాన్న అడిగిన ప్రశ్న. స్టాప్‌లాస్ పనిచేయకపోతే ఏమిటి? ఇది తేలాకే మిగతావి అనుకున్నారు.

ఏ కరెన్సీ అయినా ఒక్కసారిగా 20 శాతం గెంతిందనుకుందాం. మధ్యలో ఎక్కడా కొనేవాడు లేడనుకుందాం. అయినా సరే, ఖాతాలో పదోవంతుకు మించి పోకూడదు. అలాగైతే ఎంత సరుకు కొనొచ్చు? ఖాతాలో ఉన్న డబ్బులో సగానికి మించి కొనకూడదని తేలింది. 6 వేల పౌండ్లు పెట్టుకుని 38 వేల పౌండ్ల సరుకు కొన్న మనిషి, ఈ లెక్కన కొనాల్సింది 3 వేల పౌండ్లకే!

లాభమూ అంతే చిన్నదైపోతుంది మరి. అతని మొహం వాడిపోయింది. ఆమె ఇంకో లెక్క రాసి చూపించింది. నూరు రూపాయల్లో పది పోతే, మళ్లీ నూరు చేయడానికి ఉన్నదాని మీద 11 శాతం సంపాదిస్తే చాలు. యాభై పోతే 100 శాతం సంపాదించాలి. తొంభై పోతే 900 శాతం! మొత్తం పోతే... ఏ శాతమూ చాలదు. అతను మారుమాట్లాడకుండా సగం లెక్కకు ఒప్పుకున్నాడు.

ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే రోబోలు కూడా బజార్లో దొరుకుతాయి. వాటి గ్రాఫులు నెలల తరబడి గీత గీసినట్టు పైకి వెళ్తాయి. కానీ రూపాయితో మొదలుపెట్టి వరసగా పదిసార్లు ఓడితే అప్పటికే 1,023 రూపాయలు పోయి ఉంటాయి. పదకొండో పందానికి 1,024 కావాలి. ఇదంతా ఎందుకయ్యా అంటే ఆ ఒక్క రూపాయి గెలవడానికి! వాటి జోలికి పోకూడదని రాసుకున్నారు.

చివరిది ఆపే మీట. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే పెద్ద సంస్థ షేర్లు కొనే ప్రోగ్రామ్‌ని మార్చింది. ఎనిమిది కంప్యూటర్లలో ఒకదాంట్లో పాత ప్రోగ్రామ్ ఉండిపోయింది. అది ఇష్టమొచ్చినట్టు కొనేయడం, అమ్మేయడం మొదలుపెట్టింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లు పోయాయి. అంత పెద్ద సంస్థకే ఆపే మీట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే మనమెంత? అందుకని రోజులో 2 శాతం నష్టం వస్తే, ధరలు రావడం నిమిషంపాటు ఆగిపోతే, స్ప్రెడ్ మామూలు కన్నా బాగా పెరిగితే కొత్త లావాదేవీలు మానేసి మెసేజ్ పంపాలని రోబోకి రాశాడు. కేంద్రబ్యాంకు గీత గీసిన కరెన్సీ ఏదైనా సరే, అసలు ముట్టుకోకూడదు. నియమాల్లో ఏది మార్చాలన్నా నెల రోజులు ఆగాలి, కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. నష్టాల్లో ఉన్న మనిషి రాత్రి పన్నెండింటికి చేసే మార్పులు ఎలా ఉంటాయో ఇద్దరికీ తెలుసు.

పరీక్ష పెట్టిన రాత్రులు

2016 వేసవిలో 4 వేల పౌండ్లతో కొత్త రోబోను వదిలారు. అక్టోబరు 7న లండన్‌లో అర్ధరాత్రి దాటిన కాసేపటికి పౌండు విలువ నిమిషాల్లో సుమారు 9 శాతం పడిపోయి, వెంటనే చాలావరకు కోలుకుంది. ఆ వేళ మార్కెట్లో మనుషులు తక్కువ. ఒకదాన్ని చూసి ఒకటి కంప్యూటర్లు అమ్మేసుకున్నాయి. అతను పొద్దున లేచి చూస్తే రోబో నుంచి మెసేజ్ ఉంది: స్ప్రెడ్ పెరిగింది, ఆగిపోయాను అని. బ్రెగ్జిట్ ఓటు తర్వాత పౌండు దిగజారుతూనే ఉండటంతో అప్పటికే అది పౌండ్లు అమ్మి కూర్చుంది. 30 పౌండ్ల లాభం. 'రోబో గొప్పదే' అంది ఆమె. 'అటువైపు ఉన్నాం కాబట్టి. ఇటువైపు ఉంటే?' అన్నాడతను. ఇద్దరూ కాగితం తీసి లెక్కేశారు. ఇటువైపు ఉన్నా పోయేది తట్టుకోలేనంత కాదు. ఆ లెక్క చూసి అతనికి 30 పౌండ్ల కన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

2024లో యెన్ వంతు వచ్చింది. జపాన్‌లో వడ్డీ తక్కువ కాబట్టి అక్కడ అప్పు తెచ్చి వేరే దేశాల్లో పెట్టుబడి పెట్టడం ఏళ్ల తరబడి సాగింది. జులై మొదట్లో డాలరుకు 162 యెన్‌ల దరిదాపుల్లో ఉంది ధర. జులై 31న జపాన్ కేంద్రబ్యాంకు వడ్డీ పెంచింది. అందరూ ఒకేసారి గుమ్మంవైపు పరిగెత్తారు. ఆగస్టు 5న డాలరు 142 యెన్‌లకు పడింది. అదేరోజు జపాన్ షేర్ల సూచీ 12.4 శాతం కూలింది. అతని రోబో మాత్రం 20 రోజుల కనిష్ఠం నియమం ప్రకారం జులై రెండో సగంలోనే బయటికి వచ్చేసింది. అప్పటికి వచ్చిన లాభంలో కొంత వదులుకుంది. వదులుకున్నందుకు ఆ వారమంతా అతను గొణుక్కుంటూనే ఉన్నాడు. ఆగస్టు 5న గొణగడం ఆగింది.

మొత్తంమీద ఎంత సంపాదించినట్టు? 2017 నుంచి 2019 దాకా చాలా నెలలు చిన్నచిన్న నష్టాలే. 2022లో డాలరు పెద్ద కరెన్సీలన్నిటి మీదా ఎగబాకినప్పుడు బాగా వచ్చింది. అన్నీ కలిపి చూస్తే లండన్ బ్యాంకు వడ్డీ కన్నా కాస్త ఎక్కువ. ఇన్నేళ్ల రాత్రులకి అంతేనా అంటే, అంతే.

'అన్నయ్యా, నాకూ ఓ రోబో...'

ఈమధ్య హైదరాబాద్ నుంచి పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాట్సప్ గ్రూపులో ఎవరో ఫారెక్స్ రోబో అమ్ముతున్నారట. 15 వేలు. నెలకు 10 శాతం గ్యారంటీ. 'కొందామా అన్నయ్యా?'

'లెక్క చెయ్యి' అన్నాడతను. 'నెలకు 10 శాతం చొప్పున లాభాన్నీ అందులోనే ఉంచితే లక్ష రూపాయలు పదేళ్లకు ఎంతవుతాయి?' తమ్ముడు ఫోన్‌లోనే క్యాలిక్యులేటర్ తీశాడు. కాసేపటికి గొంతు మారింది. 927 కోట్లు! 'అలాంటి రోబో ఉన్నవాడికి నీ 15 వేలు ఎందుకురా?'

ఇంకో సంగతీ చెప్పాడు. లండన్‌లో ఉండేవాళ్లకు ఒక చట్టం, ఇక్కడ ఉండేవాళ్లకు ఒక చట్టం. మన దేశంలో ఉంటూ విదేశీ వెబ్‌సైట్లలో ఇలా కరెన్సీ ట్రేడింగ్ చేయడం ఫెమా చట్టానికి విరుద్ధం. జరిమానా ఆ సొమ్ముకు మూడురెట్ల దాకా పడొచ్చు. అనుమతి లేని సంస్థల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో హెచ్చరిక జాబితా కూడా విడుదల చేసింది. మొదటి విడతలోనే 34 పేర్లు. మన ఎక్స్ఛేంజీల్లో 2008 నుంచి రూపాయి-డాలరు ఫ్యూచర్స్ ఉన్నాయి. కానీ ఎగుమతులో దిగుమతులో చేస్తూ నిజంగా డాలర్ల అవసరం ఉన్నవాళ్లకే అవి అన్న నిబంధన 2024 మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం ఒప్పుకునే చోట మాత్రం లాభాలు పండుతున్నాయా? 2018లో యూరోపు నియంత్రణ సంస్థ లెక్క తీస్తే, ఇలాంటి ఖాతాల్లో నూటికి 74 నుంచి 89 నష్టాల్లోనే ఉన్నాయని తేలింది. ఆ తర్వాతే అక్కడ లెవరేజ్‌కి కళ్లెం వేశారు, ఖాతా మైనస్‌లోకి పోకుండా రక్షణ పెట్టారు. అతనికి అది మూడేళ్లు ఆలస్యం.

'మరి నువ్వెందుకు చేస్తున్నావన్నయ్యా?' అన్నాడు తమ్ముడు.

అతను వెంటనే చెప్పలేకపోయాడు. చాలాసేపటి తర్వాత అన్నాడు. 'పోయినా ఫర్వాలేదనుకున్న డబ్బుతో చేస్తున్నానురా. నీ 15 వేలు ఎక్కడివి?' అటువైపు నుంచి సమాధానం లేదు. తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజుకు పిన్ని గొలుసు తాకట్టు పెట్టిన సంగతి అతనికి తెలుసు.

ఊళ్లో పెంకుటింటి స్థానంలో ఇప్పుడు స్లాబు ఇల్లుంది. అనుకున్న దానికన్నా మూడేళ్లు ఆలస్యంగా లేచింది. ఆ డబ్బు రోబో సంపాదించింది కాదు. నెలనెలా జీతంలోంచి పక్కన పెట్టింది. నాన్న సాయంత్రం పూట ఆ స్లాబు మీదకెక్కి పొలంవైపు చూస్తూ కూర్చుంటాడు. అబ్బాయి ఫోన్ చేస్తే ఇప్పటికీ అదే ప్రశ్న.

'ఏరా, నీ యంత్రం ఎట్టా ఉంది? పోతే ఎంత?'

అతను అంకె చెబుతాడు. 'సరే అయితే' అంటాడు నాన్న.